గోడ మీద పన్నెండు పేర్లు

ఏమోయ్ మొంజీ, కాఫీని అలా వాసన చూస్తావేం? ఉప్పు వేశాననుకున్నావా? తాగవోయ్, నేను వేళాకోళాలు మానేసి రెండేళ్ళయింది. నువ్వప్పుడు లిబియాలో ఇటుకలు మోస్తున్నావు, నీకు తెలీదు.

అప్పటికి నియంత పారిపోయి మూడేళ్ళు దాటింది. వేలికి నీలం సిరా పూయించుకుని ఓట్లేశాం. ఉద్యోగాలు మాత్రం మన ఫాస్ఫేట్ గని దగ్గర తప్ప ఎక్కడా లేవు. అవైనా ఊరికే రావు. జనం రైలు పట్టాల మీద గుడారం వేసుకుని కూర్చోవాలి, గని రైలు ఆగిపోవాలి. అప్పుడు పోస్టాఫీసు గోడకి ఒక జాబితా అంటిస్తారు. అందులో పేరున్నవాళ్ళు, జనం నోరు మూయించడానికి గనివాళ్ళు పెట్టిన తోటల కంపెనీలో ఉద్యోగులు. తోట ఎక్కడని అడక్కు. ఒక్క మొక్క లేదు. ఇంట్లో కూర్చుంటే జీతం.

మా అబ్బాయి నిజార్ డిగ్రీ చదివి ఏడేళ్ళు ఖాళీగా ఉన్నాడు. పడవెక్కి ఇటలీ పోతానన్నాడు. "ఈ జాబితా వచ్చేదాకా ఆగరా నా తండ్రీ" అని గడ్డం పట్టుకున్నాను. ఆగాడు.

నాలుగు నెలలైనా జాబితా రాలేదు. నా చెయ్యి ఊరుకుంటుందా? మన కాఫీ కొట్లో పొద్దస్తమానం పేకాడే పన్నెండు మంది పేర్లు టైపు చేయించి, పాత ఫుట్‌బాల్ క్లబ్బు ముద్ర గుద్ది, పొద్దున్నే గోడకి అంటించాను. నిజార్ పేరు పెట్టలేదు. ఎవరితోనైనా ఆడుకుంటాను గానీ, వాడి ఆశతో ఎలా ఆడుకోను?

మంగలి బెల్గాసిమ్, సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఓరి నాయనో, నా పేరే! నాకు సంతకం కూడా రాదు కదరా!"

నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. నిజార్ వచ్చాడు. పైనుంచి కిందకి మూడుసార్లు చదివాడు. ఇంటివైపు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక అసలు సంగతి చెబుదాంలే అనుకున్నాను.

ఆలోపే పన్నెండు మందీ కాగితం ఊడబీక్కుని కంపెనీ ఆఫీసుకు పోయారు.

"ఈ ముద్ర ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"మాకేం తెలుసు? చేర్చుకుంటావా, పట్టాల మీద కూర్చోమంటావా?"

మూడేళ్ళలో ఎన్ని ప్రభుత్వాలు, ఎన్ని ముద్రలు! ఏది ఎవరిదో ఆయనకు మాత్రం ఏం తెలుసు? అందరినీ చేర్చేసుకున్నాడు.

నేను ఇంటికి పరుగెత్తేసరికి నిజార్ సంచీ లేదు. మూడో రోజు, ఇటలీ పడవలు బయల్దేరే జర్జీస్ ఒడ్డు నుంచి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, అది నేను అంటించిందిరా! దొంగ జాబితా! వచ్చేయ్ నాయనా!"

"దొంగదైతే బెల్గాసిమ్‌కి ఉద్యోగం ఎలా వచ్చింది నాన్నా?"

"నీ మీద కోపం లేదులే" అని పెట్టేశాడు. ఆ పడవలో వాళ్ళెవరూ మళ్ళీ ఏ ఇంటికీ ఫోన్ చెయ్యలేదు.

ఆ పన్నెండు మందీ హాయిగా జీతాలు తింటున్నారు మొంజీ. వాళ్ళలో ఒక్కడు కూడా మోసపోలేదు. అసలు జాబితా ఒకటి ఎక్కడో తయారవుతోందనీ, అందులో నా కొడుకు పేరు ఉంటుందనీ నమ్మినవాణ్ణి ఈ ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే.