చన్నీళ్ళు పోస్తేనే వేణ్ణీళ్ళు

నేను ఒక రాగి బాయిలర్ని. నా నడిమధ్యన ఒక గొట్టం, అందులో పుల్లల మంట, దాని చుట్టూ నీళ్ళు. నాకు కుళాయి లేదు. పైనున్న గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే, పక్కనున్న ముక్కులోంచి చెంబుడు వేణ్ణీళ్ళు ఇస్తాను. పొయ్యకపోతే చుక్క కూడా రాల్చను. ఇది పిసినారితనం అనుకునేరు. లోపల నీళ్ళు తగ్గితే మంటకు అతుకులు ఊడిపోతాయని నన్ను చేసిన కంచరి ఇలా మలిచాడు. మనుషుల మతిమరుపు మీద ఆయనకు గట్టి నమ్మకం.

మొదట విజయనగరంలో ఒక ప్లీడరుగారింట్లో ఉన్నాను. ఆయన స్నానం చేస్తూ కేసులు వాదించుకునేవారు. నా ఎదుట ఒక్క కేసూ ఓడిపోలేదు, కోర్టు సంగతి నాకు తెలియదు. ఆ ఇంటికి గీజరు వచ్చాక నన్ను అటకెక్కించారు. అటక మీద చోటు చాలక పాత సామాన్ల కొట్టుకు తోలేశారు.

అక్కడ నన్ను చూసి మురిసిపోయిన మనిషి కోదండపాణిగారు. విశాఖలో రిటైరైన రైల్వే గార్డు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో కూర్చుని, దాటిపోయిన ఊళ్ళను మాత్రమే చూశారట. ఇప్పుడు ముందుకు చూస్తూ తిరగాలని, కారు వెనక తగిలించుకునే చిన్న బండి చేయించుకున్నారు. అందులో ఇద్దరికి పడక, బుల్లి వంటగట్టు, అడుగున ఒక నీళ్ళ ట్యాంకు. అన్నీ కుదిరాయి గానీ భార్య హైమావతిగారే కుదరలేదు.

"వేణ్ణీళ్ళు లేనిచోట నేను ఒక్క పూట ఉండలేనండీ. మీరింత ముచ్చట పడుతున్నారు కాబట్టి ఒక్కసారి వస్తాను. నాకు నచ్చిందా, సరే. లేదా, దిగగానే ఈ బండి అమ్మేయాలి."

అందుకే నేను ఆ ఇంటికి చేరాను. బండి అమ్ముడైతే నేనూ మళ్ళీ ఆ కొట్టుకే. ఆయన ముచ్చట, నా బతుకు రెండూ ఆవిడ స్నానం మీద ఆధారపడ్డాయి.

మొదటి ప్రయాణం లంబసింగి. గురువారం సాయంత్రం చేరాం. దగ్గర్లో ఉన్న బోరు కొండ దిగువన ఉంది. మర్నాడు తెల్లారేసరికి చుట్టూ మంచు. శుక్రవారం గదా, తలంటు మానే ప్రసక్తి లేదన్నారు హైమావతిగారు. తడకల చాటున పీట వేసుకున్నారు. నన్ను నిండుగా నింపి, పుల్లలు రాజేశారు. బుడబుడమని కాగాను. ఎన్నేళ్ళయిందో అలా కాగి! ఆవిడ తలంతా కుంకుడు రసం పట్టించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపారు.

"ఏవండీ, నీళ్ళు."

కోదండపాణిగారు చెంబు పట్టుకుని ట్యాంకు కుళాయి తిప్పారు. బుస్సుమని గాలి వచ్చింది.

"హైమా, ట్యాంకు ఖాళీ."

"ఖాళీ ఏటండీ? నిన్ననే కదా నింపారు."

"నేను రాగానే బండికి అంటిన బురద కడిగానే. కొత్త బండి కదా."

తడకల వెనక నుంచి ఆవిడ గొంతు తగ్గించి అన్నారు. "నేను పొద్దున్నే బండి ముందు కల్లాపి చల్లి ముగ్గేశాను. శుక్రవారం పూట వాకిలి బోసిగా ఉంటే బావుంటుందేటి?"

బండికి వాకిలి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నా కడుపు నిండా సలసల కాగే నీళ్ళు. ఒక్క చుక్క ఇవ్వలేను. లోపల మంట మండుతుంటే నన్ను వంచడానికీ లేదు. ఆవిడ కళ్ళు మండిపోతున్నాయి, ఆయన మొహంలో బండి అప్పుడే అమ్ముడైపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"తాగే నీళ్ళ క్యాను ఉంది గానీ..." అని నసిగారు ఆయన.

"పొయ్యండి ముందు. తాగడం సంగతి కళ్ళు తెరిచాక చూసుకుందాం."

క్యాను గరాటు మీదికి వంగింది. నా ముక్కులోంచి పొగలు కక్కుతూ ధార దూకింది. ఆయన పోస్తున్నారు, నేను ఇస్తున్నాను, ఆవిడ "హమ్మయ్య" అంటున్నారు. కుంకుడు నురగంతా వదిలి ఆవిడ తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి క్యానులో నీళ్ళు అయిపోయాయి.

"మరి కాఫీకి?" అన్నారాయన దిగాలుగా.

"ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయండీ? ఇందులోనే కదా ఉన్నాయి."

మంట ఆరాక ఇద్దరూ గుడ్డలు అడ్డం పెట్టుకుని చెరో చెవీ పట్టి నన్ను వంచారు. అన్నేళ్ళూ స్నానాలకే పనికొచ్చిన నేను మొదటిసారి కాఫీకి పనికొచ్చాను. పట్టలేనంత సంతోషం వేసింది నాకు.

ముగ్గు పక్కన కూర్చుని హైమావతిగారు ఒక గుక్క తాగారు. "పొగ వాసనేస్తోంది," అన్నారు. ఆయన గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఇంకో గుక్క తాగి, మంచు విడిపోతున్న లోయను చాలాసేపు చూశారు.

"ఇంటికెళ్ళగానే పెద్ద ట్యాంకు వేయించండి. ఈ కాసిని నీళ్ళతో మనం ఎన్ని ఊళ్ళు తిరగగలం?"

కోదండపాణిగారు తన గ్లాసులో కాఫీ కూడా ఆవిడ గ్లాసులో పోసేశారు.