నా నిటారు

నిటారుగా అంటే ఎంతవరకు అని అడుగుదామనుకుని ఊరుకున్నాను, అది కూడా తెలియదా అనుకుంటారని. పరీక్ష చేయడానికి వచ్చిన అమ్మాయి ప్రియదర్శిని నా నడుముకు బెల్టు బిగించి, "జర నిటారుగ నిలబడు అక్కా, మిషన్‌కు సున్నా చూపియ్యాలె" అంది. నిలబడ్డాను. బెల్టు ఒకసారి కూసింది. ఒప్పుకుందన్నమాట. ఇక ఆ సున్నా నుంచి ఎంత వంగితే అంత లెక్క.

అది పోయిన వారం, గగన్‌పహాడ్‌లో ఒక షెడ్డు పైగదిలో. విమానాల్లోకి వెళ్ళే భోజనం ట్రేలు సర్ది బండ్లు తోసే మాలో కొందరికి ఈ బెల్టులు కట్టి, ఇవి నడుము వంపును సరిగ్గా చెప్తున్నాయో లేదో పరీక్షిస్తున్నారు. ఎవరి నడుము బాగాలేదని తేలితే వాళ్ళకి కూర్చుని చెంచాలను కాగితంలో చుట్టే పని ఇస్తామని సూపర్‌వైజర్ అన్నాడు. నాకు ఆ కుర్చీ కావాలి. రెండో కాన్పు నుంచి నడుములో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంటుంది. ఆ మాట చెప్తే మా ఆయన ప్రేమ్ రాజ్ నవ్వాడు. "పొద్దంతా ఏసీల ఉంటవ్, నీకేం నొప్పే?"

బెల్టు చెప్తుందిలే అనుకుని ఇంట్లోనూ కట్టుకునే తిరిగాను. సింకు దగ్గర, పొయ్యి దగ్గర, మంచంలో ఉన్న అత్తమ్మను పక్కకు తిప్పేటప్పుడు నొప్పితో పళ్ళు బిగబట్టాను. బెల్టు నోరు మెదపలేదు. చీపురు పట్టినప్పుడు మాత్రం గుర్రుమనేది. "ఫోన్ ఎత్తవేందే, ఎవరో మొత్తుకుంటున్నరు" అని అత్తమ్మ కేకేసేది. బెల్టు లెక్క నా ఫోన్లోకే వస్తుంది; అంతా బాగుందనే పచ్చగీత చూసి ప్రేమ్ రాజ్ అన్నాడు, "మిషన్ అబద్ధం చెప్తదా సునీలా? మంచిగనే ఉన్నవ్. ఇగ ఏడుపు బంద్ చెయ్." చెప్పదు కదా, అనుకున్నాను. నొప్పిని తలచుకుని తలచుకుని నేనే పెంచుకుంటున్నానేమో. లేని నొప్పిని మోస్తుంటే, దాన్ని ఎవరు దించుతారు?

ఈ రోజు వీపు మీద తెల్లచుక్కలు అంటించి కెమెరాల ముందు వంగమన్నారు, లేవమన్నారు. కెమెరా ఒకటి చెప్తే బెల్టు ఇంకొకటి చెప్పింది. ప్రియదర్శిని స్క్రీన్ చూసి నన్ను చూసింది.

"నిటారుగ నిలబడమన్న కదా అక్కా."

"నిలబడ్డ."

"ఇది నిటారు కాదక్కా, వంగే ఉన్నవ్. దీన్నే సున్నా అనుకుంది బెల్టు."

నడుము మీద అరచెయ్యి ఆనించి మెల్లగా పైకి నెట్టింది. నొప్పి కంటే ముందు సిగ్గు వచ్చింది. ఛాతీ ముందుకొచ్చింది. చిన్నప్పుడు చర్చి గేటు దగ్గర మేనత్త నా భుజం గిల్లిన చోటు మళ్ళీ చురుక్కుమంది. "ఏందే గట్ల నిగడదన్ని నడుస్తున్నవ్, ఎవరికి చూపిస్తవ్?" పెళ్ళయిన కొత్తలో అత్తమ్మ అయితే, "మామ ముందల గంత నిటారుగ నిలబడుతరా?" అంది. బెల్టు నన్ను నమ్మింది, అంతే. నా సున్నా ఎప్పుడో ఎవరో పెట్టేశారు.

"మరి ఈ వారమంతా?"

"తీసేస్తమక్కా. తప్పు లెక్కలు కదా."

"కూర్చునే పని?"

"అది మా చేతుల్ల లేదు. ఆ లెక్కల మీదనే పేర్లు నిన్న పైకి పోయినయంట."

ఇంటికొచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, ప్రేమ్ రాజ్‌కు అంతా చెప్పాను. ఫోన్లోంచి తల ఎత్తకుండానే విన్నాడు. "అంటే మిషన్ కరెక్టే. నిలబడరానిది నీకే."

హాలు మధ్యలో, బండల మీద వెల్లకిలా పడుకున్నాను. చల్లదనం నడుము దాకా రాలేదు. నడుముకీ నేలకీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ. మోకాళ్ళు ముడిచి, ఊపిరి వదిలి, ఆ ఖాళీని కొంచెం కొంచెంగా కిందికి దించాను. పగటిపూట నేను పడుకోవడం ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"ఏందే, ఏమైంది?" లేచి వచ్చి పైనుంచి చూశాడు. లోపల్నుంచి అత్తమ్మ, "సునీలా, మాడు వాసనొస్తుంది!" అని అరిచింది.

"వినొస్తలేదా? లే, అన్నం మాడుతుంది."

కళ్ళు మూసుకున్నాను. మాడనిచ్చాను.