ఒత్తు సైదా సాహెబు

సన్నాయి మూతికి బిగించే నానిన రెల్లు పీకను ఎడమచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని, సైదా సాహెబు చిన్న చాకుతో దాని అంచు గీకుతున్నాడు. కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ లేవు. మిగిలిన వేళ్ళతోనే చాకు పట్టాడు. నాలుగుసార్లు గీకడం, నోట పెట్టి పలికించడం, తల అడ్డంగా ఊపి మళ్ళీ గీకడం. నెరిసిన గడ్డం మీద రెల్లు పొట్టు రాలుతోంది. మధ్యమధ్య ఆగి, గుంజకు ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

"తెల్లారిందగ్గర్నుంచీ రొప్పతానే ఉండావు" అంది భార్య హజ్రా బీ, రొట్టె తట్టడం ఆపి. "కారంపూడి పెళ్ళికి పోయి నువ్వు చేసేదేముంది? ఒత్తు కూడా లేదాయె."

"మన జహంగీరు నోటికి పీక కుదిరిందో లేదో ఆడ చూసుకోవాలగదే."

ఒత్తు అంటే సన్నాయి పక్కన కూర్చుని ఊదే నిలువు గొట్టం. రాగం పలకడానికి దాని మీద వేళ్ళకు పని ఉండదు. పలికేది ఒకే ఒక్క షడ్జమం. మేళం మొదలైంది మొదలు ముగిసేదాకా, ముక్కుతో పీలుస్తూ బుగ్గల్లో గాలి నింపుకుని వదులుతూ, ఆ ఒక్క స్వరాన్నీ తెగకుండా నిలబెట్టాలి. నరసరావుపేట సన్నాయి మేళంలో ముప్పయ్యారేళ్ళుగా సైదా సాహెబు చేసిన పని అదే.

తండ్రి దూదేకేవాడు, పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించేవాడు. కొడుకు చేతికి సన్నాయి ఇద్దామనుకున్న ఏడే పత్తి మిల్లు యంత్రం ఆ రెండు వేళ్ళూ తీసుకుంది. రంధ్రాలు మూయలేని చేతికి ఒత్తు ఇచ్చారు. అయినా తండ్రి నోటిపాఠం మాత్రం మానలేదు. డెబ్బైరెండు మేళకర్తలూ, వాటిలో పుట్టిన రాగాలూ, మూడువందల పైచిలుకు కీర్తనలూ ఆ తలలోకి చేరాయి. బయటికి వచ్చే దారే లేదు. పాడదామంటే గొంతు జీర.

ఊళ్ళో సంగీతం చెప్పే పంతులుగారికి రాగంలో సందేహం వస్తే దిండు చంకన పెట్టుకుని, దూది ఏకించే వంకతో వచ్చేవారు. ఒకే దిండును ఏడాదిలో నాలుగుసార్లు ఏకించారాయన. సైదా సాహెబు దూదేకుతూ చెప్పేవాడు, ఆయన నిలబడి వినేవారు. వీధిలో ఎవరైనా కనబడితే "ఇంకాస్త మెత్తగా ఏకు సాహెబూ" అనేవారు గట్టిగా.

అక్క కొడుకు జహంగీరుకు సన్నాయి నేర్పింది సైదా సాహెబే. తన వేళ్ళు చేయలేనివన్నీ వాడి వేళ్ళతో చేయించాడు. మొన్న మాఘంలో వినుకొండ పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే వేళకు ఆయనకు ఊపిరి అందలేదు. ఒత్తు తెగింది. పెళ్ళివారు ముఖాలు చూసుకున్నారు. ఆ వారమే జహంగీరు గుంటూరు వెళ్ళి శ్రుతి పెట్టె తెచ్చాడు. తిత్తి కదిపితే చాలు, అదే పలుకుతుంది. సోడా కొట్టు సర్దారు కూడా కదపగలడు.

"నిన్ను వద్దనుకోలా మామా. నీ రొమ్ము తట్టుకోదని" అన్నాడు జహంగీరు ఆ రోజు, తల వంచుకుని.

"తెలుసులేరా" అన్నాడు సైదా సాహెబు.

ఎవరిదీ తప్పు కాదు. ఎవరినైనా తిట్టుకునే వీలుంటే ఆయనకు కొంత తేలికగా ఉండేదేమో.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి. కారంపూడిలో దిగేసరికి ఆ పొగంతా సైదా సాహెబు గుండెల్లో దిగబడింది. పందిట్లో పరిచిన జంపఖానా మీద జహంగీరు, డోలు వాయించేవాడు, పెట్టెతో సర్దారు కూర్చున్నారు. చేతిలో వాయిద్యం లేని మనిషిని కూర్చోమని ఎవరూ అనలేదు. జహంగీరుకు పీక అందించి, వాడు తల ఊపాక, సైదా సాహెబు బయటికి వచ్చి వేపచెట్టు నీడలో ఒక బండిచక్రానికి ఆనుకున్నాడు. బండి తోలే ఏలియా ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు.

తలంబ్రాలయ్యాయి. పెళ్ళికూతురి తాత గోపాలకృష్ణయ్యగారు సన్నాయి ముందుకు వచ్చి కూర్చున్నారు.

"మా నాన్నగారు నారాయణగౌళ పాడేవారోయ్. విని నలభయ్యేళ్ళయింది. వాయించగలవా?"

ఆ మాట బయటికి వినబడింది. సైదా సాహెబు నిటారుగా కూర్చున్నాడు.

నారాయణగౌళ కేదారగౌళకు పక్కింటి రాగం. రెండింటికీ తేడా రెండు మెలికల్లో ఉంది. ఎక్కేటప్పుడు నిషాదం నుంచి తిన్నగా షడ్జమానికి పోకూడదు. ఒకసారి ధైవతానికి దిగి మళ్ళీ ఎక్కాలి. దిగేటప్పుడు గాంధారాన్ని రెండుసార్లు తాకాలి. అవి మరిస్తే అది వేరే రాగం. జహంగీరు ఎప్పుడూ ఆ రెండు చోట్లే మరిచిపోయేవాడు. ఒత్తు నోట్లో ఉండగానే సైదా సాహెబు వాడి మోకాలి మీద తట్టేవాడు. వాడు సర్దుకునేవాడు.

లోపల రాగం మొదలైంది. రిషభం, మధ్యమం, పంచమం, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. సైదా సాహెబు చెయ్యి తన మోకాలి మీదికి వెళ్ళింది. నిషాదం రాగానే తట్టాడు.

జహంగీరు తిన్నగా వెళ్ళిపోయాడు.

"ని ద ని స" అన్నాడు సైదా సాహెబు పైకే.

"ఏంది సాహెబూ? దప్పికా?" అన్నాడు ఏలియా.

"వాడికి చెప్పాల. దిగి ఎక్కమని చెప్పాల. కాస్త లోపలికి పొయ్యి..."

"నన్ను పందిట్లోకి రానిస్తారా సాహెబూ? నువ్వే పో."

చక్రం పట్టుకుని లేవబోయాడు. రొమ్ములో ఏదో బిగిసింది. మళ్ళీ కూలబడ్డాడు. ఏలియా భయపడి, "ఉండుండు, మజ్జిగ అడిగొస్తా" అంటూ వెనక వంటపందిరి వైపు పరుగెత్తాడు.

సన్నాయి కిందికి దిగుతోంది. రెండో మెలికా రాలేదు. డోలు గట్టిగా మోగి ఆగింది.

"శభాష్!" అన్నారు గోపాలకృష్ణయ్యగారు. "అచ్చం మా నాన్నగారు పాడినట్టే ఉందోయ్."

పందిరంతా చప్పట్లు. ఆయన తండ్రి పాట అది కాదని తెలిసినవాడు ఆ ఊళ్ళో ఆ పూట ఒక్కడే ఉన్నాడు. అతను బండిచక్రానికి తల ఆనించాడు.

ఏలియా మట్టిముంతతో వచ్చాడు. "తాగు సాహెబూ. ముంత మళ్ళా లోపలికి తేవద్దన్నారు."

"ఆడ పెట్టు. తాగుతాలే."

కళ్ళు మూసుకునే ఉన్నాడు. మోకాలి మీద వేలు మెల్లగా తడుతోంది. ఏలియా ఎద్దుల వైపు వెళ్ళాడు.

కాసేపటికి జహంగీరు కొత్త శాలువా భుజాన వేసుకుని వచ్చి ముందు కూర్చున్నాడు. ముఖంలో సంతోషం లేదు.

"మామా, తప్పు పోయిందిగదా?"

సైదా సాహెబు కళ్ళు తెరవలేదు.

"యాడ పోయిందో తెలవలా మామా. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

చెయ్యి మోకాలి మీదే ఉంది. కదలడం లేదు. జహంగీరు ఆ చేతిని పట్టుకుని, వెంటనే వదిలేసి, మళ్ళీ రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆయన్ని ఏలియా బండిలోనే పడుకోబెట్టారు. జహంగీరు శాలువా తీసి ముఖం మీదుగా కప్పాడు. గోపాలకృష్ణయ్యగారు పందిరి గుంజ దాకా వచ్చి, ఎవరాయన అని సర్దారును అడిగారు.

"ఇంతకుముందు మా మేళంలో ఒత్తు ఊదేవాడండీ" అన్నాడు సర్దారు.

"అయ్యో పాపం" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

బండి నరసరావుపేట దారి పట్టింది. చక్రం ఆగి ఉన్నచోట మజ్జిగ ముంత నిండుగా అలాగే ఉండిపోయింది. లోపలికి తేవద్దన్న ముంత గనక ఎవరూ దాన్ని తీయలేదు. చెట్టు నుంచి రాలిన వేపపూత మజ్జిగ మీద తేలుతోంది.