కప్పు దిగని బ్యాచ్

సైరన్ అసలు పేరు కాలనీలో ఎవరికీ గుర్తులేదు. బొగ్గు కరెంటు ప్లాంటు నడిచినన్నాళ్లూ ఆమె దాని క్యాంటీన్‌లో పనిచేసింది. భోజనాలకు రమ్మని ఆమె కేకేస్తే బాయిలర్ల హోరులో ఉన్నవాళ్లకు కూడా వినపడేది. అలా వచ్చింది ఆ పేరు. ప్లాంటు మూతపడింది, క్యాంటీన్ పోయింది, పేరు మాత్రం ఆమెను అంటిపెట్టుకుని ఉండిపోయింది.

ప్లాంటు మూసేసిన మరుసటి ఏడు, పాత కార్మికుల క్లబ్బు హాల్లో సోలార్ పని నేర్పే కేంద్రం తెరిచారు. నిధులు ఏదో పెద్ద సంస్థవి. హాలు మధ్యలో, మనిషికంటే కాస్త ఎత్తున, రేకులతో ఏటవాలుగా ఒక ఉత్తుత్తి ఇంటికప్పు కట్టారు. దానిమీదెక్కి ప్యానెళ్లు బిగించడం, వైర్లు కలపడం నేర్చుకోవాలి. సైరన్ మొదటి రోజే చేరింది.

"ఈ వయసులో కప్పులెక్కే చదువేంటే నీకు?" అంది అత్తగారు. "జారిపడి నడుం విరగ్గొట్టుకుంటే నీకు నేను చెయ్యాలా, నాకు నువ్వు చెయ్యాలా?"

"ఇద్దరం చెరో మంచం ఎక్కి మీ అబ్బాయితో చేయించుకుందాంలే అత్తయ్యా."

అత్తగారు మూతి మూడు వంకర్లు తిప్పింది.

మొదట్లో సైరన్ రేకుల మీద కూర్చునే పాకేది. కిందికి చూస్తే కళ్లు తిరిగేవి. కానీ తను కలిపిన వైర్లతో బల్బు వెలిగిననాడు ఆమె వేసిన కేకకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి లోపలికి తొంగిచూశారు.

చిక్కల్లా క్లాసుల వేళతోనే. అన్నీ పొద్దుటిపూటే పెట్టారు. ఇళ్లలో పనికి పోయేవాళ్లు, లారీల్లో సరుకు ఎత్తేవాళ్లు పొద్దున ఎక్కడ దొరుకుతారు? సాయంత్రానికి మార్చమని సైరన్ సంస్థ అధికారిని అడిగింది. చూద్దామన్నాడు. చూడలేదు. ఒక్కొక్కరే మానేస్తూ వచ్చారు.

పరీక్షకు ఇంకొన్ని వారాలుందనగా ఒక పొద్దున కేంద్రం ముందు లారీ ఆగింది. రెంచీలు పట్టుకుని కూలీలు దిగారు. వెనకే అధికారి.

"సామానంతా పట్నానికి తరలిస్తున్నాం. ఇక్కడ సగంమంది మధ్యలోనే పోయారు కదా. మీవాళ్లకి నేర్చుకునే ఓపిక లేదమ్మా, మేమేం చెయ్యం?"

సైరన్‌కు ఒళ్లు మండిపోయింది. తెల్లారకముందే లేచి ప్లాంటంతటికీ వండిపెట్టిన మనిషి ఆమె. ఓపిక లేదన్న మాట ఏనాడూ ఎవరిచేతా అనిపించుకోలేదు. మారు మాట్లాడకుండా నిచ్చెనెక్కి, నడుముకు సేఫ్టీ బెల్టు బిగించి, రేకుల మధ్యలో చతికిలబడింది.

"ఇప్పుడు విప్పుకోండి."

ఆమె వెనకే బ్యాచ్‌లోని ఇస్త్రీ బండి కుర్రాడు ఎక్కాడు. ఆ తర్వాత మిగిలిన బ్యాచ్ అంతా.

"పైన మనుషులుంటే మేం బోల్టు ముట్టుకోం సార్," అని కూలీల మేస్త్రీ రెంచీ కింద పెట్టేశాడు.

"ఇది సంస్థ ఆస్తి! పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలవండి. స్టేషన్ కప్పు మీద ఇంకా ప్యానెళ్లు లేవు. వాళ్లతో బేరం మాట్లాడుకుంటాం."

పైన పకపకా నవ్వారు. అధికారి ముఖం ఎర్రబడింది. పాఠాలు చెప్పే మాస్టారి వైపు తిరిగాడు.

"మీరైనా చెప్పండి. మీ కాంట్రాక్టు నా చేతిలోనే ఉందని మర్చిపోకండి."

మాస్టారికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. పైనున్నవాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. చివరికి ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాడు.

"నిన్న ఎక్కడ ఆపాం?"

"ఎర్తింగ్ దగ్గర మాస్టారూ!"

పాఠం మొదలైంది.

కబురు అందగానే అత్తగారు ఆయాసపడుతూ వచ్చింది. కోడల్ని చూడగానే, "దిగవే మొండిదానా!" అని అరిచింది.

అధికారికి ప్రాణం లేచొచ్చింది. "గట్టిగా చెప్పండమ్మా. బుద్ధీ జ్ఞానం లేని మనుషులు."

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. "ఏమన్నావ్? దాన్ని తిట్టడానికి నేను బతికే ఉన్నాను. మధ్యలో నువ్వెవరివి?"

కుర్చీ లాక్కెళ్లి గుమ్మానికి అడ్డంగా వేసుకు కూర్చుంది. మధ్యాహ్నం దాకా కదల్లేదు. లారీ డ్రైవరు వేరే సరుకుందని ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

సంస్థ పెద్దలతో ఫోన్లో మాట్లాడి అధికారి కప్పు దగ్గరికొచ్చాడు. ఈ బ్యాచ్‌కి పరీక్ష దాకా క్లాసులు ఇక్కడే నడుపుతామన్నాడు.

"క్లాసులు సాయంత్రం పెట్టాలి. మానేసినవాళ్లని మళ్లీ చేర్చుకోవాలి," అంది సైరన్ పైనుంచే. "ఆ మాట మీ పెద్దలతో చెప్పించండి, స్పీకర్లో, అందరికీ వినపడేలా."

చెప్పించాక గాని ఎవరూ దిగలేదు. దిగేసరికి సైరన్ కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోయింది. అత్తగారు తిడుతూనే పిక్కలు పిసికింది.

అప్పట్నుంచి సాయంత్రాలు హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. పోయినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. పరీక్షలో సైరన్ చేతిపని గట్టెక్కింది గాని రాతపరీక్ష తప్పింది. రెండోసారి రాసి గట్టెక్కింది. కాలనీ ఆసుపత్రి కప్పు మీద ప్యానెళ్లు బిగించే పని ఆమె జట్టుకే దక్కింది.

కానీ మాస్టారి కాంట్రాక్టు పొడిగించలేదు. తర్వాతి బ్యాచ్‌కి నిధుల ఊసు లేదు. సైరన్ జట్టునంతా వెంటబెట్టుకుని సంస్థ ఆఫీసుకు వెళ్లింది. మాస్టారు వద్దువద్దంటూనే వాళ్లతో నడిచాడు. గాజు తలుపుల అవతల అదే అధికారి.

"మళ్లీ మీరా?"

"మళ్లీ మేమే. కొత్త బ్యాచ్ కావాలి. పాత మాస్టారే కావాలి."

"అంత తేలిక కాదమ్మా. వచ్చే నెల మీటింగులో చూస్తారు."

"అయితే వచ్చే నెలా వస్తాం," అంది సైరన్.

అన్నట్టే వచ్చారు. ఈసారి చేరాలనుకుంటున్నవాళ్లని కూడా వెంటబెట్టుకొచ్చారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు.