పద్నాలుగు రోజుల ఊత

పరాయి దేశంలో ఓ పాత చర్చి, ఆకాశాన్నంటే దాని శిఖరం ముందు నన్ను నిలబెట్టి, "ఇంత దూరం వచ్చాం, కాస్త నవ్వవోయ్," అన్నాడు మా ఆయన. నవ్వాను. ఫొటోలో పన్నునొప్పి మనిషిలా పడ్డాను.

మేం బయల్దేరిన మర్నాడే, నేను కట్టిస్తున్న లైబ్రరీ పోర్టికో స్లాబు కూలింది. మేస్త్రి బావమరిది నడుం విరిగింది. స్లాబు కింద నిలబెట్టిన సెంట్రింగ్ తొందరపడి తీసేశాడని అందరూ మేస్త్రినే ఆడిపోసుకుంటున్నారు. తియ్యమన్నది నేను. పద్నాలుగు రోజులుంచాల్సిన ఊతల్ని, ప్రయాణంలోపు పని తెమిలిపోవాలని, తొమ్మిదో రోజునే తియ్యమని ఫోన్లో చెప్పాను. "ఇంకో ఐదు రోజులు ఆగుదాం ఇంజనీరమ్మా," అన్నాడు పాపం. "నాకు నేర్పుతావా?" అన్నాను.

మా ఆయనకు ఇదంతా తెలుసు. "కాగితం మీద లేదు కదా, నోరు మెదపకు," అన్నాడు. నాలుగు రోజులుగా మెదపలేదు.

చర్చి లోపల జనమంతా రంగుటద్దాలు చూస్తున్నారు. నేను మెడ పట్టేసేదాకా కోసుగా ఉన్న ఆ రాతి కమానుల్నే చూశాను, బరువు ఎటు దిగుతోందా అని. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది?

"సున్నం గట్టిపడేదాకా వీటి కింద చెక్క ఊతలు ఉంచేవాళ్లు," అంది గైడు, ఓ పెద్దావిడ.

"తొందరపెట్టేవాళ్లు ఉండరా?" అన్నారెవరో.

"ఉండే ఉంటారు. వాళ్ల మాట వినలేదు కాబట్టే మనం ధైర్యంగా దీని కింద నిలబడ్డాం."

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా మాట వినకపోతే మేస్త్రికి మళ్లీ పని దొరికేదా?

బయటికొచ్చి అతనికి ఫోన్ చేశాను. బావమరిది దగ్గర ఆసుపత్రిలోనే ఉన్నాడు.

"తియ్యమన్నది నేనేనని ఆఫీసులో చెప్పేస్తాను మేస్త్రీ."

"ఇప్పుడెందుకమ్మా? మీరు వద్దన్నా నేనే తీశానని నిన్న ఆఫీసులో సంతకం పెట్టేశాను."

"అలా ఎందుకు పెట్టావు?"

"మీరే పెట్టమన్నారట కదమ్మా. మీ ఇంటి సారు ఫోన్ చేసి చెప్పారు."

ఒళ్లు మండిపోయింది. మా ఆయన పక్కనే టోపీ సర్దుకుంటున్నాడు.

"నేను అనలేదు మేస్త్రీ."

అతను నమ్మినట్టు లేదు. "పోనీలెండమ్మా. తర్వాతి పని నాకే ఇప్పిస్తానన్నారట, అది మాత్రం మర్చిపోకండి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆఫీసు నంబరు నొక్కాను. "ఎవరికోయ్?" అన్నాడు మా ఆయన. అవతల ఫోన్ ఎత్తారు. అతని కళ్లలోకే చూస్తూ, "ఆ సెంట్రింగ్ నేనే తీయించాను," అని మొదలుపెట్టాను.