మూడున్నర గంటల దారి

నేను ఒక ఎర్ర సూట్‌కేసును. ఇప్పుడు జగిత్యాల అవతల ఒక పల్లెలో, అటక మీద దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాను. ఈ ఊళ్లో నేనెక్కినన్నిసార్లు విమానం ఎక్కినవాళ్లు లేరు. గొప్పకు చెప్పడం లేదు, కడుపు మండి చెబుతున్నాను.

దుబాయిలో తాపీపనికి పోయిన లింబాద్రి నన్ను కొన్నాడు. సెలవు దొరికిందని, ఇంటికి పోతున్నానని, గదిలో అందరికీ నన్ను చూపించి మురిసిపోయాడు. మూత మీద పేరు, ఊరు లావుగా రాసి నీలం తాడు కట్టాడు. తీరా కంపెనీవాళ్లు చేతిలో పని అయ్యాకే సెలవన్నారు. కొత్త పెట్టె ఖాళీగా ఎందుకుండాలని, అదే వారం ఊరికి పోతున్న పోశెట్టికి నన్నిచ్చాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే గది.

అప్పటి నుంచి ఎవరికి సెలవు దొరికితే వాళ్లతో నేను. లింబాద్రి సబ్బులు, పాలపొడి, కూతురికో గౌను పెట్టి పంపేవాడు. గౌన్లన్నీ పొట్టివే. తను ఊరు విడిచిన రోజు పిల్ల ఎంత ఉందో ఇంకా అంతే ఉందనుకునేవాడు పాపం. పొట్టివయ్యాయని భార్య గంగజల ఏనాడూ చెప్పలేదు. తిరుగుదారిలో నా నిండా మామిడి తొక్కు సీసాలు సర్ది పంపేది. ఆ నూనె మరక ఇంకా పోలేదు.

నన్ను మొదటిసారి తెచ్చినప్పుడు ఆమె దుబాయి ఎంత దూరమని అడిగింది.

“మూడున్నర గంటలే వదినా. మనూరి నుంచి పట్నం బస్సుల పోయినా ఇంతకన్న ఎక్కువైతది” అన్నాడు పోశెట్టి.

“గంత దగ్గరైతే మరి ఎందుకు రాడు తమ్మీ?”

పోశెట్టి తల వంచుకుని నా తాడు ముడి విప్పుతూ కూర్చున్నాడు. మనుషులు దూరాన్ని గంటల్లో కొలిచి, దగ్గరైపోయామని సంబరపడతారు. సెలవిచ్చేవాడు ఎంత దూరంలో ఉన్నాడో మాత్రం కొలవరు.

దుబాయి నుంచి వచ్చినవాడు ముందు వేడినీళ్లతో స్నానం చేయాలి, ఆ తర్వాతే కూర్చుని మాట్లాడాలి. ఆ ఊరి పద్ధతి అది. నన్ను మోసుకొచ్చిన ప్రతివాడి ఇంట్లో రాగి కాగు పొయ్యెక్కేది. గంగజల కాగు మాత్రం బోర్లించే ఉండేది.

ఒక వేసవిలో లింబాద్రి నిద్రలోనే పోయాడు. శవం ఇల్లు చేరేదాకా భార్యకు చెప్పకపోవడం అక్కడి వాళ్ల అలవాటు. అది దయ అనుకుంటారు. పోశెట్టి ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పాడు.

“అన్న వస్తున్నడు వదినా. నేను గూడ వస్తున్న.”

ఆయన గొంతు వినాలని ఆమె అడిగితే, ఫోన్ పాడైందన్నాడు.

విమానం కడుపులో నన్ను పొడుగాటి చెక్కపెట్టె పక్కన పెట్టారు. పైన కిటికీ పక్క సీట్లో కూర్చోవలసిన మనిషి కింద సామాన్లలో ఉన్నాడు. మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణం అదొక్కటే. మూడున్నర గంటలే పట్టింది.

ఊళ్లో అంబులెన్సు దిగి, పోశెట్టి నన్ను భుజాన వేసుకుని ముందు నడిచాడు. నన్ను చూడగానే గంగజల ముఖం విప్పారింది. కొత్త చీర కట్టుకుంది. మీ అన్నేడని అడిగింది. వెనక అంబులెన్సు తలుపు తెరిచారు.

ఆమె కూలబడిపోయింది. ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలియదు. కొంతసేపటికి పెద్దమనుషులు, శవానికి స్నానం చేయించాలి, ఎవరైనా పొయ్యి ముట్టించండన్నారు.

గంగజల తలెత్తింది.

“నీళ్లు కాగినయ్. పొద్దటి సంది కాగుతనే ఉన్నయ్.”

ఆ నీళ్లతోనే ఆయనకు స్నానం చేయించారు.