కాంపౌండరు లేని వ్యాను

మల్లేశ్వరి పోయిన రోజు ఆసుపత్రి వ్యాను షెడ్డులోనే ఉంది. డ్రైవరు మాబు సాహెబూ ఉన్నాడు. లేనిదల్లా కాంపౌండరు పేరయ్య. చీరాలలో పెళ్ళికి వెళ్ళాడు. వ్యాను గేటు దాటాలంటే పుస్తకంలో ఆయన సంతకం పడాలి, ముందు సీట్లో ఆయన కూర్చోవాలి. నర్సుకు ఆ హక్కు లేదు.

మల్లేశ్వరి మిరప కల్లంలో కూలీ. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. గుంటూరు పంపాలని ప్రసవాల నర్సు వెంకటరావమ్మకు వెంటనే తెలిసింది. పదకొండేళ్ళుగా చేస్తున్న పని అది.

"ఎక్కండమ్మా, పోదాం. తర్వాత సంగతి తర్వాత" అన్నాడు మాబు సాహెబ్.

"రూలు ఒప్పుకోదు సాయిబు గారూ. పేరయ్య గారికి సైకిలు మీద కబురు పంపాను."

అదే ఆమె చేసిన తప్పు. రూలును నమ్మి ఆగింది. పేరయ్య వచ్చేసరికి దుప్పటి మల్లేశ్వరి ముఖందాకా కప్పి ఉంది.

వెంకటరావమ్మ ఏడవలేదు. చేతులు కడుక్కుని ఇంకో కాన్పు చేసింది.

మూడోనాడు కల్లాల ఆడవాళ్ళంతా గేటు ముందు చేరారు. మల్లేశ్వరి అత్త వెంకాయమ్మ నిలదీసింది.

"ఏం నర్సమ్మా, బండుంది, డ్రైవరున్నాడు, నువ్వున్నావు. మా పిల్లెందుకు పోయింది?"

"నేను ఆగాను. అందుకు పోయింది" అంది వెంకటరావమ్మ. "కాంపౌండరు శిక్షణకు మూడుసార్లు అర్జీ పెట్టాను. ఆడవాళ్ళకు లేదన్నారు. పేరయ్య గారికి కట్టు కట్టడం నేర్పింది నేనే."

"ముందు సీటుకు మీసాలు కావాలంటనే!" అంది ఆయా హనుమాయమ్మ. ఎవరో నవ్వబోయి ఆగారు.

డాక్టరు శ్రీమన్నారాయణ బయటికొచ్చాడు. "రూలు నేను పెట్టింది కాదమ్మా. పైకి రాస్తాను."

"మీరు రాసేదాకా కాన్పులు ఆగవండీ" అంది వెంకాయమ్మ.

వారం తిరక్కుండా పత్తి చేలోంచి ఇంకో ఆడమనిషిని మంచం మీద మోసుకొచ్చారు. ఈమెకూ రక్తం ఆగడం లేదు. పేరయ్య సెలవులో ఉన్నాడు. వెంకటరావమ్మ పుస్తకం తెరిచి తన పేరు రాసింది. ముందు సీట్లో కూర్చుంది. కాపలావాడు గేటు మూయబోతే కూలీలు రెండు రెక్కలకూ అడ్డం నిలబడ్డారు.

"మూసి చూడరా!" అంది వెంకాయమ్మ.

వ్యాను వెళ్ళింది. ఆ మనిషి బతికింది. మర్నాడే వెంకటరావమ్మను పనిలోంచి తప్పిస్తూ ఉత్తర్వు వచ్చింది.

నాలుగు రోజులకు ఇంకో కేసు వస్తే రెండో నర్సు రహిమున్నీసా పుస్తకంలో సంతకం పెట్టింది. ఆమెకూ ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు ఆయాలు పని మానేసి గేటు దగ్గర కూర్చున్నారు. కల్లాల్లో కాయలు కుప్పలుగానే ఉన్నాయి, కూలీలూ ఇక్కడే ఉన్నారు.

ఉత్తర్వులు రద్దు కాలేదు. రూలు మారలేదు. శిక్షణకు ఇంతవరకూ ఒక్క ఆడమనిషి అర్జీ కూడా తీసుకోలేదు.